అమెరికా పెరట్లో మన కూరగాయలు: విత్తనాలు ఎక్కడి నుంచి తెచ్చుకుంటే మేలు?

ఫిబ్రవరి వచ్చిందంటే అమెరికాలో తోట వేసే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: ఇండియా నుంచి ఎవరైనా వస్తున్నారా, నాలుగు గింజలు తెస్తారా? విత్తనాలు సంపాదించడానికి దారులు మూడున్నాయి: సూట్‌కేసు, పర్మిటు మీద పోస్టు, ఇక్కడే పండిన గింజ.

సూట్‌కేసు దారిని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. బట్టల మధ్య పొట్లం ఎవరికి కనిపిస్తుందిలే అని. ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే పురుగూ తెగులూ లేవని మన ప్లాంట్ క్వారంటైన్ అధికారులు చూసి ఇచ్చే కాగితం, లేకుండా నాటే విత్తనం తేకూడదు. కస్టమ్స్‌లో ‘విత్తనాలున్నాయి’ అని ముందే చెప్తే పోయేది గింజలే. చెప్పకుండా దొరికితే మొదటిసారికి సాధారణంగా 300 డాలర్ల జరిమానా, ఎయిర్‌పోర్టులో తనిఖీ త్వరగా ముగించే ‘గ్లోబల్ ఎంట్రీ’ సభ్యత్వం ఉంటే అది కూడా పోవచ్చు. పది రూపాయల బీర గింజల కోసం, అదీ చుట్టపుచూపుగా వచ్చే అమ్మానాన్నల నెత్తిన ఈ టెన్షన్ పెట్టడం నాకైతే అస్సలు నచ్చదు. సర్టిఫికెట్ తీసుకుని తెస్తే చాలా కూరగాయల విత్తనాలకు ఇబ్బంది లేదు. కానీ దానికి దరఖాస్తు, ఫీజు, తనిఖీ ఉంటాయి. గుప్పెడు గింజలకు ఆ తిరుగుడు గిట్టదు.

ఆ కాగితం అక్కర్లేకుండా 2006లో అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు ‘స్మాల్ లాట్స్ ఆఫ్ సీడ్’ పర్మిటు పెట్టారు. దీని సంగతి మనవాళ్లలో తెలిసింది తక్కువమందికే. ఉచితం, ఆన్‌లైన్‌లో దరఖాస్తు. ఒక పొట్లంలో ఒకే రకం, 50 గింజలు లేదా 10 గ్రాములు. ఒక పార్సిల్లో 50 పొట్లాల దాకా పంపొచ్చు. చిక్కుడుకి 50 గింజలంటే పందిరికి సరిపోగా మిగులుతాయి. తోటకూరైతే 10 గ్రాముల్లో వేల గింజలు వస్తాయి, వీధి మొత్తానికి పంచొచ్చు. పార్సిల్ నేరుగా మీ ఇంటికి రాదు. పర్మిటుతో వచ్చే లేబుల్ మీదున్న తనిఖీ కేంద్రానికి వెళ్లి, చూశాక మీకు వస్తుంది. చిక్కు పేర్ల దగ్గరే. పొట్లం మీద ‘చిక్కుడు’ అంటే కుదరదు, లాబ్‌లాబ్ పర్పూరియస్ అని శాస్త్రీయ నామం ఉండాలి, దేశం పేరు ఉండాలి. మందు పట్టించిన గింజలు పనికిరావు. మన ఊళ్లో షాపుల్లో గులాబీ రంగు వేసి అమ్మేవి చాలావరకు అలాంటివే కాబట్టి ఇంట్లో దాచిన గింజలే పంపించమనండి. గోంగూర, బెండ పత్తి కుటుంబానివి. మన పత్తి రైతుల్ని ముంచిన గులాబీ రంగు పురుగు వీటిమీదా బతుకుతుంది. కాబట్టి వాటికి అదనపు షరతులు ఏమున్నాయో చూసుకున్నాకే పార్సిల్ కట్టించండి.

ఇక ఇక్కడే పండిన గింజ. నా ఓటు ఎక్కువగా దీనికే, అయితే రూల్సు ఒక్కటే కారణం కాదు. మన పాత చిక్కుడు రకాలు పగలు పొట్టిగా అయ్యాకే పూతకొస్తాయి. న్యూజెర్సీలో తీగ పందిరంతా అల్లుకుని, పూత కనిపించేసరికి మొదటి మంచు పడి నల్లబడిపోతుంది. ఇండియా నుంచి ఎంత మంచి గింజ తెచ్చినా ఇదే కథ. త్వరగా పూసే రకాన్ని ఏళ్ల తరబడి ఏరి గింజ కట్టినవాళ్లు మీ దగ్గర్లో ఉంటే, వాళ్లిచ్చే పది గింజలు ఇండియా పార్సిల్ కన్నా విలువైనవి. ఎర్ర గోంగూరదీ అదే గుణం. ఆకు బ్రహ్మాండంగా వస్తుంది, ఉత్తరాది రాష్ట్రాల్లో గింజ మాత్రం ముదరదు. అందుకే ఏటేటా కొత్త విత్తనం కావాలి, దాన్ని టెక్సాస్‌లోనో ఫ్లోరిడాలోనో ఉన్న స్నేహితుల్ని అడగడం సులువు. దోస, బీర, సొర, కాకర చాలాచోట్ల గింజ కట్టుకోవచ్చు. మెంతులు, ధనియాలకైతే ఇండియన్ స్టోర్ పోపుదినుసుల అర చాలు.

కరివేపాకు మాత్రం ఏ దారిలోనూ ఇండియా నుంచి వద్దు. రెమ్మ, మొక్క, గింజ ఏదైనా సరే. నిమ్మ కుటుంబపు మొక్క అది. బత్తాయి, నారింజ తోటల్ని పాడుచేసే గ్రీనింగ్ తెగులును మోసే చిన్న పురుగుకు ఇష్టమైన ఆకు. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో కనిపించాక అక్కడి తోటలు ఎంత దెబ్బతిన్నాయో చూస్తే ఈ నిషేధం అతి అనిపించదు. ఫ్లోరిడా నుంచి వేరే రాష్ట్రానికి పంపడం మీదా ఆంక్షలున్నాయి. మీ రాష్ట్రంలోని లైసెన్సు నర్సరీలో కొనండి. తూటికూర కూడా వద్దు, అది ఫెడరల్ కలుపు జాబితాలో ఉంది.

అమెరికాలో విత్తనాలు చిన్నగా అమ్ముకునేవాళ్ల లెక్క వేరు. 2020 వేసవిలో అడక్కుండానే చైనా నుంచి వచ్చినట్టున్న విత్తనాల పొట్లాలు అమెరికా ఇళ్లకు చేరాయి. ఆ సెప్టెంబరులోనే అమెజాన్ విదేశాల నుంచి అమెరికాకు విత్తనాలు, మొక్కలు అమ్మకుండా ఆపేసింది. గుంటూరు నుంచి ‘గిఫ్ట్’ అని రాసి పంపే అమ్మకందారు డబ్బు తీసుకుంటారు, పార్సిల్ పట్టుబడితే నష్టం కొన్నవాళ్లది. సర్టిఫికెట్ ఖర్చు సరుకు పంపిన ప్రతిసారీ ఉంటుంది కాబట్టి బస్తాలు తెప్పించే పెద్ద డీలరుకి అది లెక్కలోకి రాదు, పొట్లాలు అమ్మే ఆవిడకి లాభమంతా మింగేస్తుంది. ఆవిడ చేయగలిగింది ఒక్కసారి పర్మిటు మీద మంచి మూల విత్తనం తెప్పించి, దక్షిణాది రాష్ట్రాల్లో పెంచి గింజ కట్టడం. అమ్మేటప్పుడు రాష్ట్రపు విత్తన చట్టం, వేరే రాష్ట్రానికి పంపితే 1939 నాటి ఫెడరల్ సీడ్ యాక్ట్ లేబుల్ నిబంధనలు వర్తిస్తాయి. ఊరికే పంచుకునేవాళ్లకి ఆ ఫెడరల్ తలనొప్పి లేదు.