జాగ్రత్త: కుప్రోనికెల్ అని చెప్పి ఇత్తడి ట్యూబ్ స్టాక్ అంటగడుతున్నారు

పెర్కిన్స్ 4-108 లాంటి పాత మెరైన్ డీజిల్ ఇంజిన్‌కు హీట్ ఎక్స్ఛేంజర్ (సముద్రపు నీటితో ఇంజిన్ కూలెంట్‌ను చల్లబరిచే భాగం) లోపలి ట్యూబ్ స్టాక్ (సన్నటి ట్యూబుల కట్ట) కోసం వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. "ఒరిజినల్‌కు సమానం, కుప్రోనికెల్ 90/10, మెరైన్ గ్రేడ్" అని ఆన్‌లైన్‌లో పెట్టిన సరుకు తెప్పించాను. కుప్రోనికెల్ 90/10 అంటే సుమారు 90 శాతం రాగి, 10 శాతం నికెల్ కలిసిన, ఉప్పునీటిని తట్టుకునే లోహం. వచ్చింది పైన తెల్లటి పూత పూసిన మామూలు ఇత్తడి. అదే ఫోటోతో ఇంకో రెండు మూడు పేర్ల మీద కూడా అమ్ముతున్నారు. కాబట్టి అమ్మేవాడి పేరుకన్నా సరుకును గుర్తుపట్టడం తెలియాలి.

ట్యూబులు ఏ లోహమో ఆర్డర్‌కు ముందే మెసేజ్ పెట్టి అడిగాను. "90/10, గ్యారంటీ" అని జవాబిచ్చారు. పెట్టె విప్పాక తేడాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ట్యూబుల సంఖ్య పాతదానికన్నా తక్కువ. మధ్యలో కూలెంట్‌ను అటూ ఇటూ మళ్లించే బ్యాఫిల్ ప్లేట్లకు అయస్కాంతం గట్టిగా అతుక్కుంది, అంటే అవి ఇనుమో ఉక్కో. ఒక ట్యూబు మీద ఆకురాయితో పైపైన కొద్దిగా గీకితే పూత కింద పసుపుగా మెరిసింది. 90/10 అయితే లేత గులాబీ ఛాయలో ఉంటుంది. కంటితో చూసి తేల్చేయకూడదని, పాత లోహాలు కొనే వ్యాపారి దగ్గరున్న ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్‌తో (ఎక్స్-కిరణాలతో ఏ లోహాలున్నాయో చెప్పే పరికరం) గీకిన చోట పరీక్ష చేయించాను. రాగి ఉంది, జింకు ఉంది. నికెల్ జాడే లేదు.

ఇత్తడైతే ఏం, నీళ్లు పోతాయి కదా అనుకునేవాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. జింకు 15 శాతం దాటిన ఇత్తడి ఉప్పునీటిలో ఉంటే అందులోని జింకు మెల్లగా కరిగి వెళ్లిపోతుంది. మిగిలేది ఎర్రటి, గుల్లబారిన రాగి. ఆకారం చెక్కుచెదరదు, బలం మాత్రం ఉండదు. అలాంటి ట్యూబుకు చిల్లు పడితే బయట ఎక్కడా లీకు కనిపించదు. ఇంజిన్ వేడిమీద ఉన్నప్పుడు ప్రెషర్‌లో ఉన్న కూలెంట్ సముద్రపు నీటివైపు జారి ఎగ్జాస్ట్‌తో పాటు బయటికి పోతుంది. ఇంజిన్ ఆపి చల్లారాక ఉప్పునీరు కూలెంట్‌లోకి చేరవచ్చు. అక్కడినుంచి బ్లాకు, హెడ్ లోపల తుప్పు మొదలవుతుంది. ఒక్క ట్యూబ్ స్టాక్‌లో మోసపోతే మొత్తం ఇంజిన్‌కే ఎసరు. తీరానికి దూరంగా ఉన్నప్పుడు టెంపరేచర్ అలారం మోగితే పడే టెన్షన్ వేరే చెప్పక్కర్లేదు.

అమ్మినవాళ్ల తీరు మరీ దారుణం. ముందు "పూత అలాగే ఉంటుంది, లోపల కుప్రోనికెలే" అన్నారు. రిపోర్టు పంపాక, ప్యాకింగ్ విప్పారు కాబట్టి రిటర్న్ కుదరదన్నారు. ఆ తర్వాత "మీ పాతది మాకు పంపండి, చూసి సరైనది తయారుచేసి ఇస్తాం" అన్నారు. దయచేసి ఈ మాటకు మాత్రం లొంగకండి. తయారీ ఆగిపోయిన ఇంజిన్‌కు మీ చేతిలో ఉన్న పాత పార్టే కొలత, అదే నమూనా. ఎంత చెడిపోయినా దాన్ని వదులుకోవద్దు. నేను పంపనన్నాను, అంతటితో వాళ్ల జవాబులు ఆగిపోయాయి. కార్డుతో కట్టాను కాబట్టి, 90/10 అని వాళ్లు రాసిన మెసేజ్, ఎక్స్‌ఆర్‌ఎఫ్ రిపోర్టు బ్యాంకుకు చూపించి డబ్బు వెనక్కి తెచ్చుకున్నాను. నేరుగా ఖాతాకు బదిలీ చేసి ఉంటే అది పోయినట్టే.

ఇంకో సంగతి. ఇంజిన్ మోడల్ ఒక్కటే చెప్పి ఈ పార్టులు అడగకండి. 4-108 బ్లాకును తీసుకుని వెస్టర్‌బీక్ లాంటి కంపెనీలు తమ సొంత కూలింగ్ సామాను బిగించి తమ పేరుతో అమ్మాయి. లోపలి ఇంజిన్ ఒకటే అయినా హీట్ ఎక్స్ఛేంజర్, ఎండ్ క్యాప్‌లు (దాని చివరి మూతలు), పైపు సైజులు వేరు. బాడీ మీద అచ్చుపోసిన నంబరు, స్టాక్ పొడవు, ట్యూబ్ ప్లేటు (ట్యూబుల చివరలు దిగే పలక) వ్యాసం, ట్యూబుల సంఖ్య, జింక్ యానోడ్ (తాను అరిగిపోతూ మిగతా లోహాన్ని తుప్పునుంచి కాపాడే జింకు ముక్క) మర సైజు రాసి పంపి, ఒక్కోదానికి విడిగా జవాబు తీసుకోండి. "మెరైన్ గ్రేడ్" అనే మాటను పట్టించుకోకండి, దాన్నిబట్టి ఏ లోహమో తెలియదు. అమ్మకానికి పెట్టిన ఫోటో కాదు, మీకు పంపబోయే సరుకు ఫోటోనే అడగండి. రిటర్న్ గడువు చేరిన రోజునుంచే నడుస్తుంది కాబట్టి, అది అయిపోకముందే పరీక్షలన్నీ ముగించండి. బిగించేముందు ట్యూబుల చివరలు మూసి, రేడియేటర్ క్యాప్ మీదున్న ప్రెషర్‌కు మించకుండా గాలి పెట్టి, నీళ్లలో ముంచి బుడగలు వస్తాయేమో చూడాలి.

కొత్తది దొరక్కపోతే, పాత స్టాక్‌కే కొత్త కుప్రోనికెల్ ట్యూబులు వేయించే దారి ఉంది. షిప్ కూలర్లు, ఆయిల్ కూలర్లు బాగుచేసే వర్క్‌షాపులు ఈ పని చేస్తాయి. నేను ఇప్పుడు అదే చేయిస్తున్నాను. ఆలస్యమే, కానీ ట్యూబు ముక్కను ముందే చేతికిచ్చి పరీక్ష చేయించుకోమన్నారు.

ఇలాంటి స్టాక్ ఇప్పటికే బిగించినవాళ్లుంటే, వచ్చేసారి సముద్రంలోకి వెళ్లకముందే ఎండ్ క్యాప్ విప్పి చూడండి. ట్యూబ్ ప్లేటు మీద ఎర్రటి మచ్చలు కనిపించినా, లీకు లేకుండా కూలెంట్ తగ్గుతున్నా, ఆ స్టాక్‌తో ఇంజిన్ నడపవద్దు.