పాత నాణెం తోమాలా, వదిలేయాలా: ఏది మేలు?

నా దగ్గర రెండు కాణీలు ఉన్నాయి, అంటే అణాలో పావువంతు విలువ చేసే రాగి నాణేలు. రెండూ 1835వే. ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడి మొత్తానికి ఒకే రకం నాణేలు తెచ్చిన సంవత్సరం అది. రెండూ తాతయ్య పెట్టెలో ఒకే గుడ్డమూటలో ఉండేవి. నేను ఇంటర్ చదివేటప్పుడు, భోగి ముందు రోజు అమ్మ పెరట్లో ఇత్తడి సామానంతా ముందేసుకుని చింతపండుతో తోముతుంటే, నేనూ పక్కన కూర్చుని అందులో ఒకటి తోమేశాను. రెండోది మూట మడతలో ఉండిపోయి బతికిపోయింది.

ఇప్పుడు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూస్తే తేడా చెప్పనక్కర్లేదు. తోమనిది ఎండిన తాటిటెంక రంగులో ఉంటుంది. అటూ ఇటూ నిలబడిన సింహాల చేతుల్లో జెండాల మడతలు, జూలులో ఒక్కో వెంట్రుకగీత లెక్కపెట్టొచ్చు. తోమిన కాణీ ఆ రోజు కొత్త చెంబులా ధగధగలాడింది. ఇంట్లో అందరికీ తిప్పి చూపించాను. ఏడాది తిరిగేసరికి అక్కడక్కడా నల్లమచ్చలు వేసింది, అక్షరాల సందుల్లో లేత ఆకుపచ్చ పొడి మొదలైంది. సింహాల మొహాలు నున్నగా అయిపోయాయి. వాటి మీద ఒకే వైపుకి సాగిన సన్నటి గీతలు ఇప్పటికీ ఉన్నాయి, అవి నా బొటనవేలు తిరిగిన దారులు.

పాత నాణెం దొరికితే మనవాళ్లకి ముందు వచ్చే ఆలోచన శుభ్రం చేయడమే. అందుకే మనకు అందుబాటులో ఉన్న పద్ధతుల్లో ఏది ఎంత మంచిదో, ఎంత చెడ్డదో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది చింతపండు, ఉప్పు, నిమ్మచెక్క. పులుపులో ఉన్న ఆమ్లం మురికిని ఒక్కదాన్నే తీయదు. రాగి మీద దశాబ్దాలుగా గట్టిపడిన గోధుమరంగు పొరను కూడా కరిగించేస్తుంది. ఆ పొరను చాలామంది చిలుము అనేస్తారు, కానీ రెండూ వేరు. గట్టిగా, నున్నగా, అంతటా సమంగా పట్టిన ముదురు పొర నాణేనికి చర్మం లాంటిది. లోపలి లోహానికి గాలి తగలకుండా అదే కాపాడుతుంది. చిలుము అంటే వేలితో తాకితే రాలే లేత ఆకుపచ్చ పొడి. అది నాణేన్ని తినేసే జబ్బు. దానికి మూలం క్లోరైడ్, అంటే ఉప్పులో ఉండేదే. తేమ, గాలి తగిలితే ఆ క్లోరైడ్ లోహంతో కలిసి ఆమ్లంగా మారుతుంది, ఆ ఆమ్లం ఇంకాస్త రాగిని తింటుంది, మళ్లీ పొడి పుడుతుంది. చింతపండులో ఉప్పు కలిపి రుద్దడమంటే చర్మం ఒలిచేసి, పుండు మీద ఆ జబ్బునే అంటించడం. అంతర్వేది నుంచి యానాం దాకా గాలిలోనే ఉప్పు, తేమ ఉన్న మన ప్రాంతంలో అది ఇంకా త్వరగా ముదురుతుంది. నా కాణీకి జరిగింది ఇదే.

రెండోది బూడిద, ఇటుకపొడి, టూత్‌పేస్ట్, ఇత్తడి సామాన్ల పొడి. ఇవన్నీ గీకి తీసేవే. నాణెం మీద బొమ్మ ఎత్తు ఎంతని? వెంట్రుక మందం కూడా ఉండని గీతలు అందులో చాలా ఉంటాయి. 1911 రూపాయి సంగతి చూడండి. అయిదో జార్జి రాజు అంగీ మీద చెక్కిన ఏనుగు పందిలా ఉందని జనం గోల పెట్టారు. దాంతో తర్వాతి ఏడాది నుంచి ఆ బొమ్మ మార్చారు. ఆ ఏనుగు బియ్యపు గింజంత కూడా ఉండదు. విక్టోరియా రాణి 1862 రూపాయిల్లో రకాలను తేదీ దగ్గరుండే చిన్న చుక్కల లెక్కతో గుర్తుపడతారు. నాలుగుసార్లు బూడిదతో రుద్దితే ఆ చుక్కలూ పోతాయి, ఆ ఏనుగు తొండమూ పోతుంది. ఇక ఆ నాణేన్ని చదవడానికి ఏమీ మిగలదు.

మూడోది వెండికి వాడేవి: బంగారం షాపుల్లో ముంచే ద్రావకం, కుంకుడురసం, అల్యూమినియం రేకు, వంటసోడా. రేకు, సోడా పద్ధతి కాస్త తెలివైనదే. నల్లబడ్డ వెండి అంటే గంధకంతో కలిసిన వెండి. సోడా వేసిన వేడినీళ్లలో రేకు ఆ గంధకాన్ని లాక్కుంటుంది. గీతలు పడవు. కానీ తిరిగి వచ్చే వెండి గరుకుగా, జీవం లేకుండా తెల్లగా ఉంటుంది. టంకశాలలో అచ్చు దెబ్బ పడినప్పుడు లోహం బయటికి పారి వెండి మీద సన్నటి రేఖలు వేస్తుంది. నాణేన్ని వెలుతురులో తిప్పితే చక్రంలా తిరిగే మెరుపు ఆ రేఖలదే. ముంచే ద్రావకం వాటిని కొరికేస్తుంది. ఒకసారి పోయిన ఆ మెరుపు ఏ మందుతోనూ రాదు. రాణి రూపాయిల్లో వెండి 100కి దాదాపు 92 పాళ్లు. 1940లో మొదలైన ఆరో జార్జి రూపాయిల్లో సగమే వెండి, మిగతాది రాగి, నికెల్, జింకు. వాటిని ఒకే గిన్నెలో ముంచడం మరీ అన్యాయం.

వెనిగర్ గురించి విడిగా చెప్పాలి. శాతవాహనులు సీసంతో కూడా నాణేలు వేశారు, ఆంధ్రదేశంలో చాలాచోట్ల అవి దొరికాయి. సీసానికి వెనిగర్ విషం. వెనకటి రోజుల్లో తెల్లరంగు తయారు చేయడానికి సీసం రేకులను వెనిగర్ ఆవిరిలోనే ఉంచేవారు. రేకు కాస్తా తెల్లటి పొడి అయిపోయేది. రెండు వేల ఏళ్లు మట్టిలో నిలబడిన నాణేన్ని వంటింట్లో ఒక్క రాత్రిలో పాడుచేయొచ్చు.

నాలుగోది నీళ్లు, అసిటోన్. నేను ఒప్పుకునేది ఇదొక్కటే, అదీ అవసరం ఉంటేనే. బురద పట్టిన నాణెమైతే డిస్టిల్డ్ వాటర్లో నానబెట్టి, నీళ్లు మారుస్తూ మట్టి తనంతట తను వదిలేదాకా ఆగాలి. బోరు నీళ్లు వద్దు, మన దగ్గర వాటిలో ఉప్పు ఎక్కువ. టేపు జిగురు, నూనె జిడ్డు, మెత్తటి ప్లాస్టిక్ కవర్ల నుంచి కారిన ఆకుపచ్చ బంక ఉంటే స్వచ్ఛమైన అసిటోన్ వాటిని కరిగిస్తుంది, లోహం జోలికి పోదు. గోళ్ల రంగు తుడిచేది కాదు, అందులో ఇంకేవేవో కలుస్తాయి. గాజు గిన్నెలో పోసి, కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా పెట్టుకోవాలి. తర్వాత మెత్తటి గుడ్డ మీద పెట్టి అద్దాలి, రుద్దకూడదు.

అయిదోది ఏమీ చేయకపోవడం. పదింట తొమ్మిది నాణేలకు నా తీర్పు ఇదే. పాలకొల్లులో ఒకప్పుడు డచ్చివాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు వ్యాపారం చేశారు. డచ్చి కంపెనీ అక్షరాలు పెనవేసుకున్న రాగి నాణెం గానీ, ఒకవైపు లిల్లీ పువ్వు, ఇంకోవైపు తమిళ అక్షరాలు ఉన్న పుదుచ్చేరి దుడ్డు గానీ చేతికి వస్తే, అది అసలైనదని చెప్పే మొదటి సాక్షి దాని మీది పొరే. నకిలీ చేసేవాడు బొమ్మను పోత పోయగలడు గానీ, రెండు వందల ఏళ్లు మెల్లగా పట్టిన రంగును ఒక్క రోజులో తేలేడు. మనం తోమితే ఆ సాక్షిని మన చేత్తోనే చంపేస్తాం. ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి గ్రేడింగ్ సంస్థలు తోమిన నాణేనికి 70 వరకు ఉండే తమ కొలతలో మామూలుగా అంకె ఇవ్వవు, శుభ్రం చేసినదని రాసి వదిలేస్తాయి. కొనేవాడు ధర తగ్గించేది అక్కడే.

దేవుడి గదిలో పెట్టుకునే, రాముడి బొమ్మ ఉన్న రామటంకాల సంగతి వేరు. పసుపు, కుంకుమ పట్టిన ఆ బిళ్లలు సేకరణ కోసం పెట్టుకున్నవి కావు. ఇంట్లో అలవాటు ప్రకారం కడుక్కుంటే నేను తప్పు పట్టను. దీపపు కుందులూ అంతే, రోజూ వాడే వస్తువుకు తోమడం న్యాయం. అయితే పాత వెండి రామటంక నిజంగా ఉంటే మాత్రం దానికి చింతపండు తగలనివ్వకండి. ఇంకో మాట. రాముడో, హనుమంతుడో ఉండి 1818 అని రాసి ఉన్న ‘కంపెనీ అర్ధణా’ల కోసం టెన్షన్ పడకండి. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ వేయలేదు. బియ్యాన్ని లాగే మహిమ ఉందంటూ, ‘రైస్ పుల్లింగ్’ పేరుతో వాటిని లక్షలకు అంటగట్టేవాళ్లను దగ్గరికి రానివ్వకండి.

తోమే ఓపిక ఉంటే దాన్ని దాచడం మీద పెట్టండి. మన ఊళ్లలో వానాకాలం గోడలు కూడా చెమరుస్తాయి. నాణేన్ని అంచులు పట్టుకునే తీయాలి, చేతి చెమటలోనూ ఉప్పు ఉంటుంది. మెత్తటి పీవీసీ కవర్లు, రబ్బరు బ్యాండ్లు, వార్తాపత్రిక కాగితం దగ్గర పెట్టొద్దు. రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. మైలార్ అనే పాలిస్టర్ కవర్లలో వేసి, గట్టిమూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకు మారాయంటే తేమ నిండినట్టు, సన్నటి సెగ మీద ఆరబెట్టి మళ్లీ వేయాలి. ఆకుపచ్చ పొడి రాలే నాణెం ఉంటే దాన్ని వేరే డబ్బాలో పెట్టండి.

నేను తోమిన కాణీ అలాగే విడిగా, చిన్న డబ్బాలో, రెండు సిలికా పొట్లాల మధ్య ఉంది. వానాకాలం మొదలవగానే తీసి చూస్తాను. ఈ ఏడాది సింహం కాలి కింద కొత్త పొడి రాలేదు.