జీఎన్‌ఎమ్మా, బీఎస్సీ నర్సింగా: ఏది మేలు?

ఇంటర్ ఫలితాలు రాగానే విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో నర్సింగ్ ప్రవేశాల గురించి అడిగేవాళ్లూ చెప్పేవాళ్లూ ఎక్కువవుతారు. ‘జీఎన్‌ఎమ్‌లో చేర్పించండి, ఏడాది ముందే అమ్మాయి సంపాదనలో పడుతుంది’ అనే సలహా తప్పకుండా వినిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు, కానీ సగమే.

జీఎన్‌ఎమ్ అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా, 3 ఏళ్లు. బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ, 4 ఏళ్లు. ఏది చదివినా చివరకు నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్డ్ నర్సుగా, మిడ్‌వైఫ్‌గానే నమోదవుతారు. తేడా తెలిసేది ఆ పైమెట్టు ఎక్కబోయినప్పుడు. ఎమ్మెస్సీ నర్సింగ్ చదివి పాఠాలు చెప్పాలనుకుంటే డిగ్రీ కావాలి. జీఎన్‌ఎమ్ వాళ్లు అందుకోసం 2 ఏళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదవాలి. మొత్తం 5 ఏళ్లు! మిగిలిందనుకున్న ఏడాది పోయి, ఇంకో ఏడాది మీద పడుతుంది. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది కదా, అందులో ఉద్యోగం చేయాలని ఈ రెండు ఊళ్ల పిల్లలు ఆశపడటం సహజం. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష నార్‌సెట్‌ను బీఎస్సీ వాళ్లు నేరుగా రాయవచ్చు. జీఎన్‌ఎమ్ వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో 2 ఏళ్ల అనుభవం ఉండాలి.

అందుకే బైపీసీ చదివి, నాలుగో ఏడాది ఫీజు భరించగలిగే ఇంటి పిల్లలు బీఎస్సీలోనే చేరాలని నా అభిప్రాయం. బీఎస్సీకి ఇంటర్‌లో జీవశాస్త్రం తప్పనిసరి. ఎంపీసీ, సీఈసీ చదివి నర్సింగ్ మీద మనసు పడినవాళ్లకు జీఎన్‌ఎమ్ దారి తెరిచే ఉంటుంది. త్వరగా ఇంటికి ఆసరా కావలసినవాళ్లకూ అదే నయం. ఉద్యోగం చేసి నాలుగు రాళ్లు వెనకేసుకున్నాక పోస్ట్ బేసిక్ చదువుకోవచ్చు. 2 ఏళ్ల ఏఎన్‌ఎమ్ (ఆగ్జిలరీ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) కోర్సు పల్లెల్లో ఆరోగ్య సేవకు ఉద్దేశించినది, ఐసీయూలో పనిచేయాలనుకునేవాళ్లకు కాదు. ఇక జర్మనీ వెళ్లాలనుకునేవాళ్లు కోర్సు గురించి ఎంత ఆలోచిస్తారో జర్మన్ భాష గురించీ అంత ఆలోచించాలి. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి, అంటే ధారాళంగా మాట్లాడగలిగేంత భాష, అడుగుతారు.

కోర్సు పేరు దగ్గర ఇంత తర్జనభర్జన పడేవాళ్లు, పని నేర్చుకునే ఆసుపత్రి సంగతి అడగరు. నాకు ఆశ్చర్యం కలిగించేది అదే. ఉదాహరణకు, అరలీటరు సెలైన్ 4 గంటల్లో ఎక్కాలని డాక్టరు రాస్తారు. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెలైన్ ట్యూబు సెట్ అయితే నిమిషానికి సుమారు 42 చుక్కలు పడాలి. ఈ లెక్క తరగతిలో అందరికీ వస్తుంది. వార్డులో పెద్దాయన మోచెయ్యి మడిచిన ప్రతిసారీ ఆ చుక్కల వేగం మారిపోతుంది. సెకన్ల ముల్లు చూస్తూ చుక్కలు లెక్కపెట్టి, ట్యూబు మీది చక్రాన్ని వేలితో కొద్దికొద్దిగా జరిపి సరిచేయాలి. అప్పుడే పక్క మంచం వాళ్లు కూడా పిలుస్తారు. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) లాంటి రద్దీ వార్డుల్లో ఆ ఒడుపు త్వరగా అలవడుతుంది. ఖాళీ మంచాల మధ్య 4 ఏళ్లు తిరిగినా రాదు.

కాబట్టి ఫీజు కట్టేముందు ఆ కళాశాలకు ఈ ఏడాది కౌన్సిల్ అనుమతి ఉందో లేదో చూడండి. తర్వాత ఏదో ఒక మామూలు రోజు మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా దాని ఆసుపత్రికి వెళ్లి, ఎన్ని మంచాల మీద రోగులున్నారో చూసి రండి.