ఆలోచన మెరుపును పట్టి చూపిస్తానన్న తలపట్టీ

కొత్త ఆలోచన తట్టే క్షణాన్ని మెదడు తరంగాల్లో గుర్తించి ఫోనులో చూపిస్తుందన్న ప్రకటనను నమ్మి, 18,000 రూపాయలు పెట్టి కొన్న ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాలను తల మీది నుంచి కొలిచే) తలపట్టీని నెల రోజులుగా రాసుకునే వేళల్లో ధరిస్తున్నాను. నుదుటి మీద రెండు, చెవుల వెనుక రెండు ఎలక్ట్రోడ్లు, అంటే ఆ సంకేతాలను అందుకునే బిళ్లలు, ఆనుకుని ఉంటాయి. పట్టీ తేలికగానే ఉంది, ఛార్జింగ్ ఒక పూటంతా నిలుస్తోంది.

తన మాటకు ఆధారంగా కంపెనీ చూపేది 2004లో మెదడు పరిశోధకులు మార్క్ బీమన్, జాన్ కౌనియోస్ బృందం ప్రచురించిన పరిశోధన. మూడు మాటలిచ్చి, మూడింటితోనూ కలిసే నాలుగో మాటను అడిగే పరీక్ష అది. తెలుగులోనైతే మైలు, సున్నపు, పునాది అని ఇచ్చినప్పుడు ‘రాయి’ స్ఫురించడం లాంటిది. జవాబు చటుక్కున తట్టిందని పాల్గొన్నవారు చెప్పిన సందర్భాల్లో, వారు మీట నొక్కడానికి సుమారు 0.3 సెకన్ల ముందు, కుడి చెవికి పైభాగాన ఉన్న ఎలక్ట్రోడ్ల దగ్గర గామా తరంగాలు (సెకనుకు దాదాపు 40 సార్లు, అంటే 40 హెర్ట్జ్ వేగంతో కదిలేవి) ఉన్నట్టుండి పెరిగాయి. అంతకు కొంచెం ముందు తల వెనుక కుడివైపున, గామా కంటే నెమ్మదైన ఆల్ఫా తరంగాలు పెరగడాన్ని, కంటి నుంచి వచ్చే సమాచారాన్ని మెదడు కాసేపు తగ్గించుకోవడంగా పరిశోధకులు వ్యాఖ్యానించారు.

ఈ రెండు చోట్లా నా పట్టీకి ఎలక్ట్రోడే లేదు. పైగా నుదుటి కండరాల విద్యుత్ సంకేతాలు గామా తరంగాల పౌనఃపున్యంతో కలిసిపోతాయి కాబట్టి, అక్కడ నమోదయ్యేది మెదడు పనో, కనుబొమల పనో విడదీయడం కష్టం. పరీక్షించడానికి ఐదుసార్లు కనుబొమలు ఎగరేస్తే ఐదు ‘మెరుపులు’ వచ్చాయి; పళ్లు బిగించినా వచ్చాయి. రెండు రోజులు సతాయించిన ఒక సమస్యాపూరణానికి మూడో పాదం హఠాత్తుగా తట్టిన సాయంత్రం మాత్రం తెర మీద ఏమీ లేదు. అసలు ఆ ప్రయోగశాలలో కూడా ఏది మెరుపో తేల్చింది యంత్రం కాదు, పాల్గొన్న మనిషి మాటే. తరంగాల తేడా కూడా అనేక ప్రయత్నాల సగటులో బయటపడిందే తప్ప ఒక్కొక్క క్షణంలో కాదు.

కళ్లు మూసుకుంటే ఆల్ఫా పెరగడం, తెరిస్తే తగ్గడం మాత్రం ఇందులో చక్కగా కనిపిస్తాయి. మనిషి ఈఈజీని మొదట నమోదు చేసిన హాన్స్ బెర్గర్ ఎప్పుడో రాసిన ఆ సంగతిని పిల్లలకు చూపించడానికి పరికరం బాగుంది, ధరే ఎక్కువ. నెల తర్వాత యాప్‌కు చందా అడుగుతారని పెట్టె మీద ఎక్కడా లేదు. తిప్పి పంపే గడువు పది రోజులే కావడంతో, ఇప్పుడది మా అబ్బాయి బడి సైన్సు ప్రదర్శనకు వెళ్లింది.