కురుసుర చూశాకే టీయూ-142: పర్లాకిమిడి నుంచి ఒక విశాఖ యాత్ర

ఒడిశాలోని మా గజపతి జిల్లా వాళ్లకు విశాఖ అంటే పెద్దాస్పత్రి, కాలేజీ సీటు, పెళ్లి బట్టలు. పని అయ్యాక ఆర్కే బీచ్‌లో కాసేపు కూర్చుని బస్సెక్కేస్తాం. బీచ్ రోడ్డు పక్కన నిలబెట్టిన టీయూ-142 అనే ఆ పెద్ద నౌకాదళ విమానం ముందు ఫొటో దిగి, లోపలికి వెళ్లకుండానే వచ్చేసినవాళ్లు మా వీధిలోనే బోలెడుమంది. ఈసారి వేరే పనులేవీ పెట్టుకోకుండా మ్యూజియంల కోసమే వెళ్లాం. మీరూ వెళ్తే కురుసుర జలాంతర్గామిని ముందు చూసి, ఆ తర్వాతే రోడ్డు దాటి విమానం దగ్గరకు వెళ్లండి. వరస తిరగబడితే సగం సంగతి అర్థం కాదు.

ముందు ప్రయాణం సంగతి. పర్లాకిమిడి మీదుగా వెళ్లే గుణుపురం–విశాఖ ప్యాసింజర్‌లో టికెట్ చవక, కానీ రోజులో చాలా భాగం అందులోనే పోతుంది. పిల్లలకు కిటికీ సీటు దొరికితే సరదాగానే ఉంటుంది గానీ, మ్యూజియం టైముకు చేరాలంటే బస్సే నయం. పాతపట్నం, నరసన్నపేట మీదుగా హైవే ఎక్కితే నాలుగు గంటల్లోపే విశాఖ. ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండులో దిగితే బీచ్‌కు ఆటో దూరమే. ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి. మేం అడిగిన మొదటి ఆటో అతను చెప్పిన రేటుకీ, చివరికి ఎక్కిన ఆటోకి ఇచ్చినదానికీ దాదాపు సగం తేడా.

బసకు మేం రెండు చోట్లు చూశాం. బీచ్ ఎదురుగా ఉన్న హోటల్లో గది అద్దె కాంప్లెక్స్ దగ్గరి లాడ్జి కన్నా రెట్టింపు పైన ఉంది. కిటికీలోంచి సముద్రం కనపడటానికే ఆ తేడా. పొద్దున్నించీ బయట తిరిగేవాళ్లకు అది అనవసరం అనిపించి కాంప్లెక్స్ దగ్గరే దిగాం. గది శుభ్రంగా ఉంది. వేడినీళ్లు ఇరవైనాలుగు గంటలూ వస్తాయని బుకింగ్‌లో రాశారు గానీ, పొద్దున్న ఏడు దాటాక ఆపేశారు. అడిగితే బకెట్‌తో పంపించారు. ముసలివాళ్లతో వెళ్లేవాళ్లు గది తీసుకునే ముందే ఈ విషయం అడిగి తేల్చుకోవడం మంచిది.

సునాబెడా నుంచి అక్కా, బావగారూ సాలూరు ఘాట్ దిగి వచ్చి మమ్మల్ని అక్కడే కలిశారు. ఈ యాత్ర ఇంత బాగా జరిగిందంటే కారణం బావగారే. ఆయన సునాబెడాలో, విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్ వాళ్ల ఇంజిన్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. మిగ్-21 యుద్ధవిమానాల ఇంజిన్ల కోసం 1964లో కోరాపుట్ కొండల్లో పెట్టిన ఫ్యాక్టరీ అది. విమానం శరీరం నాసిక్‌లో, ఇంజిన్ కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో అని అప్పట్లో పని పంచారు. జయపురం, సెమిలిగుడ వైపు ఎన్నో తెలుగు కుటుంబాలు ఆ ఫ్యాక్టరీ నీడన పెరిగాయి. మిగ్-21లు 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వాయుసేన నుంచి వీడ్కోలు తీసుకున్నాయి. అయినా ఫ్యాక్టరీకి పని తగ్గలేదు. సుఖోయ్-30ల కోసం 240 ఇంజిన్లు తయారుచేసే ఒప్పందం 2024 సెప్టెంబర్‌లో జరిగింది. దాని విలువ 26 వేల కోట్ల రూపాయలకు పైనే. ఇలాంటి చోట పనిచేసిన మనిషిని వెంటబెట్టుకుని విమానాల మ్యూజియంకు వెళ్లడం మా పిల్లల అదృష్టం.

కురుసుర ఇసుక మీదే ఉంటుంది. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబర్ 18న మన నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది, 2001 ఫిబ్రవరి 27న విధుల నుంచి తప్పుకుంది. మరుసటి ఏడాదే మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లు, కానీ లోపల ఇద్దరు ఎదురైతే ఒకరు ఒత్తిగిలి నిలబడాల్సిందే. నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే గైడ్లు. మాకు దొరికిన గైడ్ తెలుగులో, హిందీలో మార్చి మార్చి చెప్పాడు. మా అమ్మాయి ఒడియా బడిలో చదువుతోంది, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. అందుకే బోర్డుల కన్నా మనిషి నోటి మాటే దానికి బాగా ఎక్కింది. గది నుంచి గదికి వెళ్లేటప్పుడు బాగా వంగి దాటాలి. మోకాళ్ల నొప్పులున్న మా అక్క సగంలోనే ఆయాసపడింది.

పడవ లోపల తెలుసుకోవాల్సింది ఒకటే: నీటి కింద ఉన్న పడవకు కళ్లు లేవు, చెవులే. బయటివాళ్లకు దొరక్కుండా ఉండాలంటే అది చప్పుడు చేయకూడదు. ఈ మాట బుర్రలో పెట్టుకుని రోడ్డు దాటండి. అవతల ఉన్న టీయూ-142 సరిగ్గా ఇలాంటి పడవల్ని వెతికి పట్టడానికి పుట్టిన విమానం. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబర్ 3 రాత్రి దాటి 4 తెల్లవారేలోపు మునిగింది ఇదే విశాఖ తీరానికి దగ్గర్లో. వేటాడేదాన్నీ, వేటకు గురయ్యేదాన్నీ ఇలా ఎదురెదురుగా నిలపడానికి ఇంతకన్నా తగిన ఊరు లేదనిపించింది నాకు.

టీయూ-142 మన నౌకాదళంలోకి 1988లో వచ్చింది. మొత్తం 8 విమానాలు కొన్నారు. మొదట గోవాలో ఉండేవి, 1992లో తమిళనాడులోని అరక్కోణం దగ్గర ఉన్న నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ రాజాళికి మారాయి. 29 ఏళ్లలో 30 వేల గంటలు ఎగిరి, ఒక్క ప్రమాదం కూడా లేకుండా 2017 మార్చి 29న విధుల నుంచి తప్పుకున్నాయి. ఆ అంకె దగ్గర బావగారు చాలాసేపు ఆగిపోయారు. ‘‘ఎగిరినవాళ్ల పేర్లే మనకు తెలుస్తాయి. కింద నట్లు బిగించినవాళ్లు ఎంత జాగ్రత్తగా ఉంటే ఈ అంకె వచ్చిందో!’’ అన్నారు. ఇప్పుడు జలాంతర్గాముల్ని వెతికే పని బోయింగ్ పీ-8ఐ విమానాలు చేస్తున్నాయి.

ఇక్కడున్న విమానం 2017 ఏప్రిల్‌లో అరక్కోణం నుంచి తానే ఎగిరి విశాఖలో దిగింది. తర్వాత విడదీసి, రోడ్డు మీద బీచ్‌కు తెచ్చి, మళ్లీ బిగించారు. అదే ఏడాది డిసెంబర్ 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియంను ప్రారంభించారు. 53 మీటర్ల పొడవు, 50 మీటర్ల రెక్కలు. బీచ్ రోడ్డు మీదికి దాన్ని ఎలా తెచ్చారో ఆలోచిస్తేనే ఆశ్చర్యం.

టికెట్ తీసుకోగానే అందరూ నేరుగా విమానం వైపు పరుగెడతారు. అలా చేయొద్దు. పక్కనున్న ప్రదర్శన భవనానికే ఎక్కువ సమయం ఇవ్వండి. సోనోబూయ్‌లు, టార్పెడో, డేటా రికార్డర్, సముద్రంలో పడితే ప్రాణం నిలుపుకోవడానికి సిబ్బందికిచ్చే సామాను, ఇంజిన్, ప్రొపెల్లర్ అన్నీ అక్కడే ఉన్నాయి. చెవికి పెట్టుకునే ఆడియో గైడ్ ఇస్తారు, తప్పకుండా తీసుకోండి.

సోనోబూయ్ చూడటానికి మామూలు లోహపు గొట్టం. చాలామంది ఆగకుండా దాటిపోతుంటారు. కథంతా అందులోనే ఉంది. విమానంలోంచి వదిలితే చిన్న పారాచూట్‌తో దిగి నీటిమీద తేలుతుంది. దాని నుంచి వైరుతో ఒక మైకు సముద్రంలోకి దిగిపోతుంది, పైన యాంటెన్నా నిలబడుతుంది. కింద వినబడ్డ ప్రతి చప్పుడూ రేడియో ద్వారా విమానానికి అందుతుంది. గాలానికి కట్టిన బెండు నీటి పైన కదిలి కింద చేప ఉందని చెప్పినట్టే ఇదీ. ఒక్కటి వేస్తే చప్పుడు ఉందని మాత్రమే తెలుస్తుంది. వరసగా కొన్ని వేసి, ఏది ఎంత గట్టిగా విన్నదో పోల్చుకుంటే పడవ ఎక్కడుందో, ఎటు పోతోందో తేలుతుంది. ‘‘మరి పడవవాళ్లు కదలకుండా ఉంటే?’’ అని మా అమ్మాయి అడిగింది. కురుసుర చూసి వచ్చింది కాబట్టే దానికి ఆ ప్రశ్న వచ్చింది. ‘‘అందుకే ఈ విమానం గంటల తరబడి పైన తిరుగుతూ ఉండాలి తల్లీ. ఎవరి ఓపిక ముందు అయిపోతుందా అన్నదే ఆట’’ అన్నారు బావగారు.

ఆ ఓపిక ఇచ్చేది ఇంజిన్. నాలుగు ఎన్‌కే-12 టర్బోప్రాప్‌లు, ఒక్కొక్కటి 15 వేల హార్స్‌పవర్‌కు దగ్గర. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సోవియట్ వాళ్లు జర్మనీ నుంచి జంకర్స్ విమాన కంపెనీ ఇంజినీర్లను తీసుకెళ్లారు. వాళ్లతో కలిసి కుయిబిషెవ్ నగరంలో ఇంజిన్ల రూపకర్త కుజ్నెత్సోవ్ బృందం దీన్ని తయారుచేసింది. బావగారు ప్రొపెల్లర్ దగ్గర నిలబెట్టి చూపించారు: ఒక్కో ఇంజిన్‌కు ముందూ వెనకా రెండు ప్రొపెల్లర్లు, ఒక్కోదానికి నాలుగు రెక్కలు, ఒకటి కుడికి తిరిగితే రెండోది ఎడమకు. ముందుది సుడి తిప్పి వదిలిన గాలిని వెనకది సరిచేసి మళ్లీ వెనక్కి తోస్తుంది, శక్తి వృథా కాదు. ‘‘మా మిగ్ ఇంజిన్ వేడిగాలిని వెనక్కి తన్ని విమానాన్ని ముందుకు నెడుతుంది. ఇది ఆ వేడిగాలితోనే ప్రొపెల్లర్ తిప్పుతుంది. అది ఇంధనం గటగటా తాగేస్తుంది, ఇది పొదుపుగా వాడుకుంటుంది.’’ అలాగని నెమ్మదైనదేం కాదు, గంటకు 900 కిలోమీటర్లు దాటుతుంది. ప్రొపెల్లర్ విమానాల్లో ఇంత వేగం చాలా అరుదు. బయటికొచ్చి విమానం కింద నిలబడ్డప్పుడు మా అమ్మాయి ప్రొపెల్లర్ రెక్కలు లెక్కపెట్టింది: నాలుగు ఇంజిన్లకు కలిపి ముప్పైరెండు. అయిదున్నర మీటర్ల వెడల్పున తిరిగే ప్రొపెల్లర్ నేలకు తగలకూడదనే విమానం చక్రాల కాళ్లు అంత పొడుగ్గా పెట్టారని అప్పుడు తెలిసింది.

విమానం లోపల దారి ఇరుకు, వెనక వచ్చేవాళ్లు ఉంటారు, ఎక్కువసేపు నిలబడలేం. ఆదివారమైతే మరీ రద్దీ. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లు కింద భవనం చూసినా చాలు. మా అక్క అదే చేసింది, పైకి ఎక్కిన మాకన్నా ఎక్కువ సంగతులు అదే చెప్పింది.

నౌకాదళం 2016లో పక్కన పెట్టిన సీ హారియర్ జెట్ కూడా దగ్గర్లోనే ఇంకో మ్యూజియంగా ఉంది. నిట్టనిలువునా దిగగల విమానం. మా దగ్గర టైము లేక దాన్ని ఆదరాబాదరాగా చూశాం, దాని గురించి ఇక్కడ తీర్పు చెప్పడం న్యాయం కాదు.

తిండికి బీచ్ బండ్ల దగ్గర మసాలా ముర్రీ, కాల్చిన మొక్కజొన్న పొత్తులు పిల్లలకు సరిపోతాయి. భోజనం మాత్రం కాంప్లెక్స్ వైపు వచ్చి తినండి. ధరా తక్కువ, అన్నమూ వేడి.

కురుసురకూ, టీయూ-142కూ సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లి ఎండలో నిలబడొద్దు, వేళలు మారుతుంటాయి, ఒకసారి కనుక్కుని బయల్దేరండి. మా పర్లాకిమిడి, కాశీనగర్ బడులవాళ్లు పిల్లల్ని విశాఖ తెచ్చినప్పుడు కైలాసగిరి, జూ చూపించి తిప్పేస్తుంటారు. వారం మధ్యలో ఒక మధ్యాహ్నం దీనికి కేటాయించమని మా అమ్మాయి బడి హెడ్మాస్టరుగారిని అడిగాను. రెండు గంటలకు కురుసుర, నాలుగింటికి విమానం, ఆరున్నరకల్లా కాంప్లెక్స్‌లో బస్సు. రాత్రి భోజనానికి ఇల్లు చేరడం కష్టమే గానీ, పడుకునే వేళకు చేరిపోతారు.