ములుగులో ఫారెస్ట్రీనా, సిటీలో బీజడ్‌సీనా: అడవుల చదువుకి ఏది మేలు?

మా చిన్నమ్మ బిడ్డకి ఇంటర్ బైపీసీ అయిపోయింది. ఎంబీబీఎస్ రాదని తనకే తెలుసు, వెట్నరీ మీద మనసు లేదు. 2025లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొడుతుంటే ఆ వీడియోలు, నెమళ్ల అరుపులు వినీ వినీ రాత్రులు నిద్రపోలేదు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్నాకే కాస్త కుదుటపడింది. అప్పట్నుంచి ఒకటే మాట, "అక్కా, అడవులు చెరువులు కాపాడే డిగ్రీ ఏదన్నా ఉంటే అదే చదువుతా" అని. ఇంట్లోవాళ్లేమో అదేం చదువు, ఉద్యోగం వస్తదా అని. నేను బీజడ్‌సీ చేసి తర్వాత ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో ఎమ్మెస్సీ చేసినదాన్ని కాబట్టి పంచాయితీ నా దగ్గరకొచ్చింది. తనకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, ఇంకెవరికైనా పనికొస్తుందని.

ముందు ఫారెస్ట్రీ. 4 ఏళ్ల బీఎస్సీ ఆనర్స్, ములుగులోని ఫారెస్ట్ కాలేజ్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో 2016 నుంచి నడుస్తోంది. ములుగు అంటే మేడారం దగ్గర ములుగు కాదు, సిద్దిపేట జిల్లా ములుగు, రాజీవ్ రహదారి మీద, సిటీ నుంచి ఓ 40-50 కిలోమీటర్లు (మా చిన్నమ్మ మేడారం వైపనుకుని అంత దూరం పంపనని వారం రోజులు అలిగింది). ఎప్‌సెట్ బైపీసీ ర్యాంక్ మీద సీటిస్తారు. సబ్జెక్టులు చూస్తే నాకే ఆశ పుడుతుంది: అడవి పెంచడం, చెట్లని గుర్తుపట్టడం, చెట్టు చుట్టుకొలత ఎత్తు కొలిచి ఎంత కలప ఉందో లెక్కగట్టడం, నేల, నీళ్లు, వన్యప్రాణులు, పొలం గట్ల మీద చెట్లు. చివరి ఏడాదిలో ఫీల్డ్‌లో ఉండి పని నేర్చుకునే సెమిస్టర్ కూడా ఉంటుంది.

ఇక బీజడ్‌సీ అంటే బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. దోస్త్‌లో (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) ఆప్షన్లు పెట్టుకుంటే ఇంటి దగ్గర కాలేజీలోనే దొరుకుతుంది, ఫీజు చాలా తక్కువ, రోజూ మెట్రోలోనో బస్సులోనో వెళ్లి రావొచ్చు. కానీ ఒక్క విషయం ఉన్నదున్నట్టు చెప్పాలి, నేను చదివిన చోట 3 ఏళ్లలో మమ్మల్ని ఒక్కసారి కూడా అడవికి తీసుకెళ్లలేదు, హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాలు) కోసం మొక్కలు రోడ్డు పక్క నర్సరీలో కొనుక్కొచ్చి పేపర్లో అదిమి పెట్టాం. రికార్డులో మార్కులు బాగానే వచ్చాయి కానీ ఎమ్మెస్సీలో మొదటిసారి ఫీల్డ్‌కి పోతే నల్లమద్దికి తెల్లమద్దికి తేడా చెప్పలేకపోయా, ఆ రోజు చాలా బాధపడ్డా. బీజడ్‌సీ తీసుకునేవాళ్లు ఆ లోటు సొంతంగా పూడ్చుకోవాల్సిందే. సిటీలో దానికి చోట్లు లేక కాదు, కేబీఆర్ పార్క్, చిలుకూరు దగ్గర మృగవని, వనస్థలిపురంలో హరిణ వనస్థలి, 2016లో బయోడైవర్సిటీ హెరిటేజ్ సైట్‌గా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు, ఇవన్నీ ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే బైనాక్యులర్, నోట్‌బుక్ పట్టుకుని ఏడాది తిరిగితే కాలేజీ ఇవ్వంది చాలా వరకు వచ్చేస్తుంది.

ఇప్పుడు చాలామంది పిల్లలు దెబ్బతినే చోటు. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకి ఏ డిగ్రీ అయినా చాలదు. డిగ్రీలో బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, జియాలజీ, పశువైద్యం వీటిలో కనీసం ఒక్కటన్నా ఉండాలి, లేదా అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజనీరింగ్ డిగ్రీ ఉండాలి. ఆ లిస్టులో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అన్న పేరు లేదు. కోర్సు పేరులో పర్యావరణం అని కనబడగానే ఇదే మనది అనుకుని చేరిపోతారు, పక్కన ఉన్న మిగతా సబ్జెక్టులేంటో చూడరు, మూడేళ్లయ్యాక నోటిఫికేషన్ చదివి తల పట్టుకుంటారు. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌తో పాటు బాటనీనో కెమిస్ట్రీనో ఉన్న కాంబినేషన్ అయితే భయం లేదు. రాష్ట్రంలో రేంజ్ ఆఫీసర్ పోస్టులకి లిస్టు వేరు, దాని నోటిఫికేషన్ విడిగా చదవాలి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కి ఎంపీసీ పిల్లలకి కూడా దారి మూసుకుపోలేదు, మ్యాథ్స్ ఫిజిక్స్ కెమిస్ట్రీ డిగ్రీతో రాయొచ్చు, బీటెక్‌తో రాయొచ్చు. ఇంకోటి, ఈ ఫారెస్ట్ సర్వీస్‌కి నడక పరీక్ష ఉంటుంది, 4 గంటల్లో మగవాళ్లకి 25 కిలోమీటర్లు, ఆడవాళ్లకి 14. దానికి ఏ డిగ్రీ సాయం చెయ్యదు, ఇప్పట్నుంచే నడవాలి.

మరి ఫారెస్ట్రీ, బీజడ్‌సీ రెండింటితోనూ ఆ పరీక్ష రాయగలిగినప్పుడు ఫారెస్ట్రీ ఎందుకు అంటే, ఆ పరీక్షలో ఫారెస్ట్రీ ఆప్షనల్ తీసుకుంటే 4 ఏళ్లు చదివిందే పనికొస్తుంది, బీజడ్‌సీ వాళ్లు అది కొత్తగా మొదలుపెట్టాలి. పైగా బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులకి 4 ఏళ్ల ఫారెస్ట్రీ డిగ్రీ చెల్లుతుంది, బీజడ్‌సీ చెల్లదు. ఇంట్లోవాళ్లకి ధైర్యం చెప్పడానికి ఈ ఒక్క పాయింట్ చాలు, మా చిన్నాయన దీంతోనే మెత్తబడ్డాడు.

కానీ రీసెర్చ్ వైపు మనసుంటే నేను బీజడ్‌సీ వైపే ఉంటా. పీజీ ఎంట్రన్స్ సీపీగెట్ రాసి ఉస్మానియాలో ఎమ్మెస్సీ చెయ్యొచ్చు, డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌కి ట్రై చెయ్యొచ్చు. మన అత్తాపూర్‌లోనే సీసీఎంబీ (జీవకణాల మీద పరిశోధన చేసే సంస్థ) వాళ్ల లాకోన్స్ ల్యాబ్ ఉంది, అంతరించిపోయే జంతువుల మీద పని. జూపార్కులో మూషిక జింకల్ని పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలిన పనిలో వీళ్లున్నారు. అక్కడ జువాలజీ, జెనెటిక్స్ గట్టిగా వచ్చినవాళ్లకే చోటు.

అగ్రికల్చర్ బీఎస్సీ గురించి కూడా అడిగారు. మంచి డిగ్రీనే, ఉద్యోగాలు ఎక్కువ, నేల నీటి సంరక్షణ కూడా చెప్తారు, కానీ చదువంతా పంట చుట్టూ తిరుగుతుంది. అడవి కోసం ఏడ్చే పిల్లని అందులో వెయ్యొద్దన్నా.

చివరికి మా చెల్లెకి చెప్పిందిది. ఎప్‌సెట్ ర్యాంక్ సరిపోతే, హాస్టల్‌లో ఉండగలిగితే ఫస్ట్ ఆప్షన్ ఫారెస్ట్రీనే, రెండో ఆలోచన లేదు. బైపీసీ కౌన్సెలింగ్ ఆలస్యంగా జరుగుతుంది కాబట్టి ఈలోపు దోస్త్‌లో బీజడ్‌సీ పెట్టుకో, చేరేముందు మాత్రం మధ్యలో మానేస్తే టీసీ, కట్టిన ఫీజు ఎలా వెనక్కిస్తారో కాలేజీలో అడిగి కాగితం మీద రాయించుకో. పోయిన ఆదివారం ఇద్దరం జేబీఎస్‌లో బస్సెక్కి ములుగు పోయి గేటు దాకా చూసొచ్చాం. వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని రోడ్డు వెంట చెట్ల పేర్లు ఒక్కొక్కటే రాసుకుంది, శామీర్‌పేట వచ్చేసరికి 19 అయ్యాయి.