2,800 రూపాయల ‘వింటర్ సర్వీస్’: ఈసీఆర్ (చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద తిరిగే రోడ్ బైక్‌కి పనికొచ్చిందా?

విషయం ముందే చెప్పేస్తాను. తిరువాన్మియూర్ వైపు ఒక వర్క్‌షాపులో రోడ్ బైక్‌లకి వింటర్ సర్వీస్ అని 2,800 రూపాయల ప్యాకేజీ పెట్టారు, నేను చేయించాను. అందులో సగం పని నిజంగా బంగారం, కొంత మనం ఇంట్లోనే చేసుకోగలిగింది, మిగిలింది శుద్ధ దండగ. షాపు పేరు రాయడం లేదు, తిట్టాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి కాబట్టి. అయినా ఇలాంటి ప్యాకేజీలు ఇప్పుడు చాలా చోట్ల పెడుతున్నారు, ఎక్కడికెళ్లినా ఏం అడిగి చేయించుకోవాలో, ఏది వద్దనాలో తెలిస్తే చాలు.

చెన్నైలో చలికాలమేంటని నవ్వేవాళ్లు నవ్వండి. డిసెంబరు తెల్లవారుజామున కూడా ఇక్కడ ఇరవై డిగ్రీల పైనే ఉంటుంది, చేతులకి మందం గ్లవ్స్, కాళ్లకి బూటు తొడుగులు లాంటివి కొంటే అలమరలో పడి ఉంటాయి. కానీ సైకిల్‌కి చలితో పని లేదు, తడీ ఉప్పూ చాలు. చెన్నైకి ఏడాదిలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే, ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. చలిదేశాల్లో మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పునీళ్లు చైన్నీ బేరింగుల్నీ తినేస్తాయని అక్కడి రైడర్లు ప్రతి ఏడూ గోల పెడతారు. మనకి ఎవరూ చల్లక్కర్లేదు, నీలాంకరై దాటి ముట్టుకాడు, కోవళం దాకా వెళ్తే సముద్రమే ఆ పని చేసి పెడుతుంది. అందుకే బట్టల సంగతి పక్కన పెడితే, వాళ్లు చలికాలానికి సైకిల్‌ని ఎలా సిద్ధం చేస్తారో అదంతా మనకీ వర్తిస్తుంది, కాకపోతే డిసెంబరులో కాదు, సెప్టెంబరులోనే మొదలెట్టాలి.

ఇక సర్వీస్ సంగతి. మెకానిక్ కుర్రాడు పుత్తూరు వాడు, నా తమిళం విని రెండు నిమిషాలు ఓపిక పట్టి తెలుగులోకి దిగిపోయాడు. సైకిల్ స్టాండ్ మీద పెట్టగానే చైన్ చూడలేదు, గేర్లు చూడలేదు, ముందు సీట్ పోస్ట్, అంటే సీటు కింది గొట్టం పట్టుకుని తిప్పాడు. “అన్నా, ఇది తీసి ఎన్నాళ్లైంది?” అన్నాడు. కిందటేడు ఒకాయన అల్యూమినియం ఫ్రేములో పోస్ట్ అలాగే కరుచుకుపోయి చివరికి కోసి తీయాల్సి వచ్చిందట. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే, మధ్యలో ఉప్పునీళ్లు చేరితే అవి నెమ్మదిగా తినుకుంటూ అతుక్కుపోతాయి. విడదీసి, తుడిచి, పల్చగా గ్రీజు రాసి మళ్లీ పెట్టడం ఐదు నిమిషాల పని. కార్బన్ పోస్ట్ అయితే మాత్రం గ్రీజు కాదు, దానికి వేరే గరుకు పేస్టు ఉంటుంది, అదే వాడాలి. పెడల్ దారాలకీ, బాటిల్ కేజ్ బోల్టులకీ, హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ బోల్టులకీ కూడా ఇలాగే ఒక్కొక్కటీ తీసి గ్రీజు పెట్టాడు. ఎడమ పెడల్ దారం తిరగేసి ఉంటుందని గుర్తుంచుకోండి, ఇంట్లో మీరే తీసేటప్పుడు బలమంతా పెట్టి ఇంకా బిగించేసుకునే ప్రమాదం ఉంది.

డబ్బు నిజంగా పెట్టాల్సింది హబ్బుల దగ్గర, అంటే చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ ఉండే భాగం. నా చక్రాల్లో కప్ అండ్ కోన్ హబ్బులు, అంటే విప్పి గోళీలు బయటికి తీసి, కడిగి, కొత్త గ్రీజు వేసి, మళ్లీ ఆట లేకుండా బిగించే రకం. ఈ బిగింపు చేత్తో తెలియాలి, కొంచెం ఎక్కువైతే బేరింగ్ అరుగుతుంది, కొంచెం తక్కువైతే చక్రం ఊగుతుంది. ఇంట్లో దీనికి కావాల్సిన పల్చటి కోన్ స్పానర్లు ఉన్నవాళ్లు ఎంతమంది? ఇది షాపు పనే, కుర్రాడు బాగా చేశాడు. హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగుల జత) కింది బేరింగ్ విప్పి చూపించాడు, ముందు చక్రం ఎగజిమ్మే బురదనీళ్లన్నీ దాని మీదికే వెళ్తాయి, అందుకే పైదాని కంటే అదే ముందు పాడవుతుంది. నాది అప్పుడే గోధుమరంగుకి తిరిగి ఉంది, తుడిచి గ్రీజు దట్టించాడు, ఇంకో సీజన్ లాగుతుందన్నాడు. రేటు పట్టికలో ‘బాటమ్ బ్రాకెట్ గ్రీసింగ్’ అని రాసి ఉంది, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగు, కానీ మూసేసి వచ్చే సీల్డ్ రకం అయితే లోపల గ్రీజు పెట్టేదేమీ ఉండదు, విప్పి దారాలకి రాసి మళ్లీ బిగించడమే. పాడైతే మార్చాలి, అంతే. ఇది ఆ కుర్రాడే చెప్పాడు, యజమాని లేనప్పుడు.

ఇక తిట్లు. మొదటిది, సైకిల్‌ని ప్రెషర్ వాషర్‌తో కడిగారు. నేను వెళ్లేసరికి ఒక పిల్లాడు బైక్ వాషింగ్ గన్ నేరుగా హబ్ మీద పెట్టి కొడుతున్నాడు. అంత ఒత్తిడితో కొడితే నీళ్లు సీల్ దాటి లోపలికి వెళ్తాయి, లోపలున్న గ్రీజుని బయటికి తోస్తాయి. బకెట్టు నీళ్లు, షాంపూ, ఒక పాత బ్రష్షు ఉంటే చాలు, వాషింగ్ వద్దని ముందే చెప్పండి, లేదా ఇంట్లో కడుక్కుని తీసుకెళ్లండి.

రెండోది ‘యాంటీ రస్ట్ కోటింగ్’. ప్యాకేజీలో దీన్ని పెద్ద అక్షరాల్లో వేశారు. తీరా చూస్తే ఫ్రేము మీద మెరుపు వచ్చే స్ప్రే కొట్టి గుడ్డతో తుడిచారు. ఫ్రేము అల్యూమినియం, దాని మీద పెయింటు, పైన తుప్పు పట్టేదేముంది? తుప్పు పట్టేది చైను, బోల్టు తలలు, కేబుళ్లు. పైగా నాది చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకు, ఆ స్ప్రే తుంపర రిమ్ము మీద పడితే బ్రేకు పట్టదు, ఇంటికొచ్చి రెండు రిమ్ములూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుచుకోవాల్సి వచ్చింది. డిస్క్ బ్రేకులున్నవాళ్లు ఈ కోటింగ్ పేరెత్తితేనే దండం పెట్టి వద్దనండి, ప్యాడ్లకి నూనె అంటితే అవి ఇక చెత్తబుట్టకే.

మూడోది, చైన్ మార్చాలని ఫోన్‌లోనే తేల్చేశారు. చెక్ చేసి చూపించమంటే చూపించారనుకోండి, చైన్ ఎంత సాగిందో కొలిచే చెకర్ 0.5 (శాతం) దాటి దిగింది, కాబట్టి మార్చడం న్యాయమే. కానీ అడక్కపోతే చూపించరు. చెకర్ లేకపోయినా స్టీలు స్కేలుతో చూడొచ్చు, కొత్త చైన్‌లో ఒక పిన్ను మధ్య నుంచి కొలిస్తే సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్య వస్తుంది, అది 16లో ఒక వంతు అంగుళం జరిగిందంటే మార్చే టైమ్ అయినట్టే. అప్పటికే మారిస్తే క్యాసెట్ (వెనక చక్రం మీది గేర్ పళ్ల చక్రాల గుత్తి) బతుకుతుంది, సాగిన చైన్‌తో వానలో ఇసుకలో తిప్పితే చైన్‌తో పాటు క్యాసెట్ కూడా కొనాల్సి వస్తుంది. దానికయ్యే ఖర్చుతో పోలిస్తే చైన్ ఖర్చు ఎంత.

పార్టులతో కలిపి బిల్లు 6,150 అయింది. ప్యాకేజీ 2,800, చైన్ 1,450, బ్రేక్ ప్యాడ్లు 700, మడ్‌గార్డులు 1,200. రెండు రోజుల్లో ఇస్తామన్నది వారం పట్టింది, అప్పటికే మొదటి వానలు పడి ఊళ్లో ఉన్న సైకిళ్లన్నీ అక్కడికే చేరాయి మరి.

మొత్తం బిల్లులో నాకు అన్నిటికంటే సంతృప్తి ఇచ్చింది మడ్‌గార్డులు, వాటినే జనం ఎక్కువ ఈసడిస్తారు. రోడ్ బైక్ అందం పోతుందట! వెనక చక్రం నుంచి నడుం మీదికి ఎగిరే బురద గీత ఏం అందమో నాకు తెలియదు. చాలా రోడ్ బైకుల్లో బోల్టు బిగించే రంధ్రాలు ఉండవు, టైరుకీ బ్రేకుకీ మధ్య సందూ ఉండదు, అలాంటివాటికి రబ్బరు పట్టీలతో కట్టే రకాలు దొరుకుతాయి, ఎస్‌కేఎస్ వాళ్ల రేస్‌బ్లేడ్ లాంటివి. డెకాథ్లాన్ వాళ్ల ట్రైబాన్ ఆర్‌సీ సైకిళ్లలా రంధ్రాలున్నవి అయితే పూర్తి పొడవువి వేయించండి, అవే మేలు. వెనకది మీ బట్టల కోసం, మీ వెనకాల వచ్చేవాడి మొహం కోసం. ముందుది మాత్రం సైకిల్ కోసం, దాని కింద చిన్న రబ్బరు ఫ్లాప్ వేలాడితే హెడ్‌సెట్, బాటమ్ బ్రాకెట్, మీ బూట్లు మూడూ బతుకుతాయి. షాపువాళ్లు వీటిని టైరుకి మరీ దగ్గరగా బిగించారు, ఇసుక ఇరుక్కుని గరగరలాడితే నేనే వదులు చేసుకున్నాను.

బ్రేక్ ప్యాడ్ల మాట. రిమ్ బ్రేకు తడిలో మొదటి క్షణం పట్టదు, ముందు రిమ్ము మీది నీళ్లు తుడుచుకోవాలి, ఆ తర్వాతే పట్టు. కాబట్టి సిగ్నల్‌కి చాలా ముందే మెల్లగా నొక్కడం మొదలెట్టాలి. కూల్ స్టాప్ వాళ్ల సాల్మన్ రంగు ప్యాడ్లు తడి కోసమే చేసినవి, దొరికితే తీసుకోండి, ఆ షాపులో లేక నేను మామూలువే వేయించాను. ఏ ప్యాడ్ అయినా వాన రైడ్ అయ్యాక ఒకసారి చూడండి, ఇసుక రేణువులూ అల్యూమినియం ముక్కలూ గుచ్చుకుని ఉంటాయి, పిన్నీసుతో తీసేయాలి, లేదంటే బ్రేకు నొక్కినప్పుడల్లా రిమ్ముని చెక్కుతాయి. డిస్క్ ఉన్నవాళ్లలో కొందరు ఎక్కువ కాలం వస్తాయని మెటల్ ప్యాడ్లు వేయిస్తున్నారు, సరే కానీ రోటర్ (బ్రేకు పట్టే డిస్క్) మీద ‘రెసిన్ ప్యాడ్ ఓన్లీ’ అని ఉంటే వద్దు, అది వాటికి తట్టుకోదు.

టైర్ల గాలి విషయంలో షాపు నిరాశపరిచింది, ఎండాకాలంలో లాగే రాయిలా కొట్టి ఇచ్చారు. తడి రోడ్డుకి ఎప్పుడూ కొట్టే దానికంటే ఐదు పది పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గించుకుంటే రోడ్డుకి బాగా అతుక్కుంటుంది, ఫ్రేములో చోటుంటే 25 మిల్లీమీటర్ల టైరు బదులు 28ది వేసుకుంటే ఇంకా నయం. వానలో పంక్చర్లు ఎక్కువ, గాజు పెంకులన్నీ నీళ్లతో కొట్టుకొచ్చి రోడ్డు వారకి చేరతాయి, తడిసిన రబ్బరు తేలిగ్గా కోసుకుంటుంది. ఇంటికి రాగానే టైరు చుట్టూ ఒకసారి చూసి ఇరుక్కున్నది తీసేస్తే ఆ గాజుముక్క లోపలిదాకా దిగదు.

చైన్ ఆయిల్ ఇంట్లో పనే, దీనికి షాపుకి డబ్బు ఇవ్వొద్దు. పొడి వాతావరణానికి చేసిన డ్రై ల్యూబ్ ఒక్క గట్టి వానకి కడుక్కుపోతుంది. తడికి చేసిన చిక్కటి వెట్ ల్యూబ్ నిలబడుతుంది కానీ ఇసుకని పట్టేసుకుంటుంది, ఈసీఆర్ మీద ఇసుకకి కొదవా? ఫినిష్ లైన్ అయితే ఆకుపచ్చ మూత వెట్, ఎర్ర మూత డ్రై. నేను వానలున్నన్నాళ్లూ వెట్ వాడతాను, ఒక్కో లింకు మీద ఒక్క చుక్క, పెడల్ వెనక్కి తిప్పి కాసేపు వదిలి, పాత బనియను గుడ్డతో పైన మిగిలినదంతా తుడిచేస్తాను. ఆయిల్ పిన్ను లోపల ఉండాలి, పైన మెరిసేదంతా ఇసుకకి పిలుపే. డబ్ల్యూడీ-40 నీళ్లు తరిమేయడానికే, అదే చైన్ ఆయిల్ అనుకుని వదిలేస్తే రెండు రోజుల్లో చైన్ పిచ్చుకల్లా కిచకిచలాడుతుంది.

లైట్లు కూడా వింటర్ ప్యాకేజీలో అమ్మజూశారు, నేను తీసుకోలేదు, ముందు నుంచే ఉన్నాయి. కొనేవాళ్లు డబ్బా మీద నీళ్లకి ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీఎక్స్4 ఉందా, 7 ఉందా చూడండి. 4 అంటే అన్నివైపుల నుంచి చిమ్మే నీళ్లకి తట్టుకుంటుంది, 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా ఫర్వాలేదు. ఇక్కడి వానకి 4 చాలు, ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత సరిగ్గా పడుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఒక్క పరిస్థితిలో మాత్రం ఈ ప్యాకేజీలేవీ చాలవు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మన బాపట్ల దగ్గర తీరం దాటేలోపు ఇక్కడ వేళచ్చేరి, పళ్లికరణై అపార్ట్‌మెంట్ల కింది స్టిల్ట్ పార్కింగులన్నీ ముంచేసింది, మా ఫ్రెండ్ సైకిల్ ఆ బురదనీళ్లలో మునిగింది. అలాంటిదానికి సర్వీస్ అని కాకుండా పూర్తి ఓవర్‌హాల్ అని చెప్పి, ప్రతి బేరింగ్ విప్పించాలి, ఫ్రేము లోపలి నీళ్లు సీట్ ట్యూబు నుంచి వంచి తీయించాలి, కేబుళ్లు మార్చేయించాలి. తుఫాను హెచ్చరిక వస్తే సైకిల్ పైకి ఇంట్లోకి తెచ్చుకోండి, ఇంట్లోవాళ్లు ఏమన్నా అననీ.

వచ్చే ఏడాది అక్కడికే వెళ్తానా అంటే వెళ్తాను, ఆ పుత్తూరు కుర్రాడు ఉంటే. ప్యాకేజీ మాత్రం తీసుకోను. హబ్బులు, హెడ్‌సెట్, సీట్ పోస్ట్, కేబుళ్లు విడిగా చేయమంటే 1,700 అవుతుందని ఈసారే అడిగి పెట్టుకున్నాను, వాషింగూ కోటింగూ వాళ్లనే ఉంచుకోమంటాను. సెప్టెంబరు లోపు ఇచ్చేస్తే అదే రోజు చేతికి ఇస్తామన్నారు, మడ్‌గార్డులు కావాల్సినవాళ్లు కూడా అప్పుడే అడగండి, నవంబరులో వెళ్తే మీ టైరుకి సరిపడే సైజు ఉండదు.